అభిమన్యుడు బయటికి రాలేదు కదా?

సందేహం: 'డై హార్డ్' అనే పాత హాలీవుడ్ సినిమా గురించి ఈమధ్య తెలుగులో ఒక సమీక్ష చదివాను. అందులో ఒక వాక్యం: "పద్మవ్యూహంలో చిక్కుకున్న అభిమన్యుడిలా హీరో ఒంటరిగా, ఒంటిచేత్తో దొంగలందరినీ ఊచకోత కోసి బయటపడతాడు." మా నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. ఇది వినగానే "అభిమన్యుడు బయటపడ్డాడా? ఏ భారతంలో?" అని నవ్వారు. "రెండు చేతులతో తుపాకీ పట్టుకుని కాలుస్తుంటే ఒంటిచేత్తో అంటారేంటి?" అని మా అబ్బాయి. వాక్యంలో నిజంగా తప్పుందా, లేక మావాళ్ళది చాదస్తమా? ఒక్కడు, ఒంటరి అన్న మాటలకు తేడా ఏమైనా ఉందా?

సమాధానం: తాతగారి అభ్యంతరం న్యాయమైనది. మనవడి అభ్యంతరం సరదాగా ఉంది కానీ నిలవదు. ఆ వాక్యంలో వాళ్ళిద్దరి కంటా పడని పొరపాటు ఇంకొకటి ఉంది, అది ఊచకోత. ముందు తేలికైన దానితో మొదలుపెడతాను.

ఒంటి అంటే ఒకటైన, జత లేని అని. పాత తెలుగులో ఒకటికి 'ఒండు' అనే రూపం ఉండేది. 'ఒండొరులు' అన్న మాటలో అది ఇంకా బతికే ఉంది. రెండు నుంచి 'రెంటికీ చెడ్డ రేవడి'లోని రెంటి వచ్చినట్టే ఒండు నుంచి ఒంటి. ఒంటిపూట బడి, ఒంటికాలు, ఒంటెద్దు బండి, ఒంటిస్తంభం మేడ, అన్నీ దీని పిల్లలే. ఒళ్ళు నుంచి వచ్చే ఒంటి (ఒంటి నొప్పులు, ఒంటికి పడలేదు) వేరు, రూపం మాత్రం ఒకటే. కాబట్టి "ఒంటి మీద చొక్కా లేకుండా ఒంటిచేత్తో కొట్టాడు" అని ఎవరైనా రాస్తే అందులో రెండు ఒంట్లున్నాయని గుర్తుపెట్టుకోండి.

ఒంటిచేత్తో అంటే రెండో చెయ్యి జేబులో పెట్టుకుని అని కాదు. ఇంకొకరి చెయ్యి పడకుండా అని. "మొగుడు పోయాక ముగ్గురు పిల్లల్నీ ఒంటిచేత్తో పెంచింది" అంటాం. ఆ తల్లి రెండు చేతులతోనే కదా అన్నం వండింది, చాకిరీ చేసింది! "పెళ్ళంతా ఒక్క చేతి మీద జరిపించాడు" అన్నప్పుడూ అంతే. ఇది ఇంగ్లీషు నుంచి దిగిన మాట అని కొందరంటారు. పత్రికల్లో అంత జోరుగా వాడుకలోకి రావడానికి ఇంగ్లీషు తోడ్పడి ఉండొచ్చు. కానీ 'చేతి మీద' అనే పలుకుబడి మన ఇళ్ళల్లోదే. కలిపి ఒకే మాటగా రాయడం మంచిది.

ఇక ఒక్కడు, ఒంటరి. అసలు విషయం ఇక్కడుంది.

'ఒకడొచ్చాడు' అంటే ఎవడో వచ్చాడని, కొంచెం చులకన కూడా. 'ఒక్కడొచ్చాడు' అంటే తోడు లేకుండా వచ్చాడని. క వత్తు తప్ప మరేమీ మారలేదు. తెలుగుకు ఇది అలవాటు. ఒకసారి రా అంటే ఎప్పుడో వీలైనప్పుడు. ఒక్కసారి రా అంటే బతిమాలడం, లేదా బెదిరించడం. మొదట, మొట్టమొదట, చివర, చిట్టచివర. బరువు పెంచాలంటే మనం హల్లును నొక్కుతాం, లేదా మాట తల మీద ఇంకో ముక్క పెడతాం. 2003లో వచ్చిన 'ఒక్కడు' సినిమా పేరులో ఆ వత్తు తీసేసి చూడండి. పోస్టర్ మీద హీరో మిగలడు, ఎవడో దారినపోయేవాడు మిగులుతాడు.

ఒక్కడు లెక్క చెబుతుంది. ఒంటరి మనసు స్థితి చెబుతుంది. ఒంటికి 'అరి' చేరితే ఒంటరి, నేర్పరి, కల్లరి లాంటిది. తోడు లేకపోవడం అతని స్వభావమో, రాతో అయిపోయిందన్నమాట. అందుకే ఒంటరి అనగానే కొంచెం జాలి వస్తుంది. ఇల్లంతా బంధువులున్నా పెద్దావిడ ఒంటరి కావచ్చు. ఒక్కర్తే అని మాత్రం అనలేం.

ఈ తేడా చూడాలంటే క్రికెట్ వార్తలు చదవండి. ఒక బ్యాటర్ సెంచరీ కొట్టి జట్టును గెలిపిస్తే మర్నాడు "ఒంటిచేత్తో గెలిపించాడు" అని వస్తుంది. అదే బ్యాటర్ అవే పరుగులు చేసినా జట్టు ఓడిపోతే "ఒంటరి పోరాటం చేశాడు" అని వస్తుంది. ఒంటరి పోరాటం అన్న హెడ్డింగ్ కనబడగానే స్కోరు చూడకుండానే మ్యాచ్ పోయిందని నాకు అర్థమైపోతుంది. ఈ తేడా ఎవరూ బడిలో నేర్పలేదు, ఏ వ్యాకరణంలోనూ లేదు. రాసేవాళ్ళకూ చదివేవాళ్ళకూ చెవికి తెలుసు. రెండూ ఒంటి నుంచి పుట్టినవే అయినా ఒకటి గెలుపు వైపు పోయింది, ఒకటి ఓటమి వైపు. అందుకే మీ సమీక్షకుడి వాక్యంలో 'ఒంటరిగా, ఒంటిచేత్తో' పక్కపక్కన పడితే నాకు ఎడ్లు చెరో వైపు లాగుతున్నట్టు అనిపించింది.

పైగా ఆ సినిమా హీరో ఒంటరి కూడా కాదు. 1988లో వచ్చింది. న్యూయార్క్ పోలీసు జాన్ మెక్లేన్ క్రిస్మస్ ముందురోజు భార్యను చూడ్డానికి లాస్ ఏంజెలిస్ వస్తాడు. ఆమె పనిచేసే కంపెనీ ఆకాశహర్మ్యంలో 30వ అంతస్తులో పార్టీ జరుగుతుండగా సాయుధ దొంగల ముఠా అందరినీ బందీలుగా పట్టుకుంటుంది. ఇతనొక్కడూ తప్పించుకుంటాడు, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా. అయితే చేతిలో వాకీటాకీ ఉంది, కింద వీధిలో పావెల్ అనే సార్జెంట్ గొంతు ఉంది. సినిమా సగం ఆ ఇద్దరి మాటల మీదే నడుస్తుంది. లోపల ఉన్నది ఒక్కడే. ఒంటరి అంటే మాత్రం పావెల్‌కు అన్యాయం చేసినట్టే.

ఇప్పుడు తాతగారి ప్రశ్నకు వస్తాను. అభిమన్యుడి కథ ద్రోణపర్వంలోది, యుద్ధంలో పదమూడో రోజు. వ్యాసుడు చెప్పింది చక్రవ్యూహం, తెలుగువాళ్ళ నోట మాత్రం పద్మవ్యూహమే స్థిరపడింది. సంశప్తకులు అర్జునుణ్ణి దూరంగా లాక్కుపోయిన వేళ ధర్మరాజు ఆ కుర్రవాణ్ణి అడుగుతాడు. తల్లి కడుపులో ఉండగా సగమే విన్నాడన్నది జనం చెప్పుకునే కథ. వ్యాసభారతంలో అయితే వ్యూహం ఛేదించడం నాన్న నేర్పాడు, బయటికి రావడం తెలియదని అతనే చెప్పేస్తాడు. చెప్పి, వెళ్తాడు. వెనకే వస్తామన్న భీముడు మొదలైనవాళ్ళను సైంధవుడు ద్వారం దగ్గరే ఆపేస్తాడు. ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు.

ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిది, అభిమన్యుడు చిక్కుకోలేదు, చొచ్చాడు. తెలిసి వెళ్ళాడు. మెక్లేన్‌కు ఏమీ తెలియదు, పార్టీకి వచ్చి ఇరుక్కున్నాడు. రెండోది, అభిమన్యుడి పేరు చెబితే చావు కూడా చెప్పినట్టే. పురాణాల పేర్లు భాషలోకి వచ్చేటప్పుడు చాలాసార్లు వాటి ముగింపునూ వెంటబెట్టుకుని వస్తాయి. భగీరథ ప్రయత్నం అంటే ఎంత కష్టమైనా చివరికి గంగ దిగాలి. త్రిశంకు స్వర్గం అంటే మధ్యలో వేలాడాలి. భస్మాసుర హస్తం అంటే తిరిగి నెత్తిమీదికే రావాలి. అన్ని పేర్లూ ఇలా ఉండవనుకోండి. కుంభకర్ణుడంటే మనకు నిద్రే గానీ యుద్ధంలో అతని చావు గుర్తుకురాదు. కానీ అభిమన్యుడి కథలో ముగింపు తీసేస్తే మిగిలేది చాలా తక్కువ. 'పద్మవ్యూహం' మాత్రం ఇప్పుడు మామూలు నామవాచకం అయిపోయింది. అప్పుల పద్మవ్యూహం, కోర్టు కేసుల పద్మవ్యూహం అంటున్నాం. అందులోంచి బయటపడ్డవాళ్ళున్నా తప్పు లేదు. కనుక వ్యూహాన్ని ఉంచుకోవచ్చు, అభిమన్యుణ్ణి వదిలిపెట్టాలి.

అయితే సమీక్షకుడి వైపు కూడా ఒక మాట చెప్పాలి. ఆయనకు అభిమన్యుడు ఎందుకు తట్టాడో నాకు అర్థమైంది. ఆ సినిమాలోనూ బయట పెద్ద బలగం ఉంది. పోలీసులున్నారు, ఎఫ్‌బీఐ ఉంది. ఎవరూ లోపలికి రాలేరు. వచ్చిన అధికారులు సాయం చెయ్యకపోగా అడ్డుపడతారు. చివరికి భవనానికి కరెంటు తీయించి, దొంగలకు తెరుచుకోని ఖజానా ఆఖరి తాళం తామే తెరిపిస్తారు! కాబట్టి పోలిక సైంధవుడి దగ్గర అతుకుతుంది. "పై అధికారి సైంధవుడిలా అడ్డుపడ్డాడు" అని రాసి ఉంటే మీ నాన్నగారు కూడా మెచ్చుకునేవారు.

ఒక్కడే నిలబడి, గెలిచి, తిరిగి వచ్చినవాడు కావాలంటే భారతంలోనే ఉన్నాడు. కొడుకును వదిలి తండ్రిని పట్టుకోవాలి. విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం. భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు, కృపుడు, అశ్వత్థామ, దుర్యోధనుడు అంతా ఒకవైపు. రెండోవైపు పేడి వేషంలో ఉన్న అర్జునుడు, భయంతో రథం దూకి పారిపోబోయిన ఉత్తరకుమారుడు. జమ్మిచెట్టు మీంచి ఆయుధాలు దింపి, ఆ పారిపోయేవాణ్ణే సారథిని చేసుకుని, అర్జునుడు ఆవులన్నిటినీ మళ్ళించుకొస్తాడు. చివరికి సమ్మోహనాస్త్రం వేసి, పడిపోయినవాళ్ళ తలపాగాల గుడ్డలు ఉత్తర బొమ్మల కోసం కోయించి తెస్తాడు. అక్కడ తిక్కన ద్రోణుడి చేత అర్జునుడి రాకను వర్ణింపజేసిన పద్యంలో, గుహలో ఆకలితో పడి ఉన్న సింహం ఏనుగుల గుంపును చూసి లేచి వచ్చినట్టు ఉంటుంది. ఇప్పటివాళ్ళు ఎంట్రీ సీన్ అంటారే, అది తెలుగులో ఇంతకన్నా బాగా ఎవరూ తియ్యలేదని నా అభిప్రాయం.

ఈ సందర్భంలో పాతమాట ఒకటి. 'ఎక్కటి' అంటే ఒక్కడే అని. ఎక్కటిపోరు, ఎక్కటి కయ్యం అని కావ్యాల్లో కనిపిస్తాయి. ఇలాంటి సినిమాలకు ఈ మాట బాగుంటుందని ఉత్సాహపడే మిత్రులున్నారు. కానీ ఎక్కటిపోరు అంటే ఒకడితో ఒకడు తలపడడం, ద్వంద్వయుద్ధం. ఒకడు వందమందితో తలపడడం కాదు. చివర్లో హీరో, విలన్ ఇద్దరే మిగిలినప్పుడు పనికొస్తుంది.

ఇక ఊచకోత. ఊచ అంటే వెన్ను, కంకి. లేత కంకుల్ని కాల్చి నలిపితే వచ్చే ఊచబియ్యం తిన్నవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. పైరు నిలబడి ఉండగా వెన్నులు మాత్రం కోసెయ్యడం ఊచకోత. మనుషులకు వాడినప్పుడు, పైరులా కదలలేక, ఎదిరించలేక నిలబడ్డవాళ్ళను నరికారనే అర్థం వచ్చింది. నిరాయుధుల మీద జరిగేదే ఊచకోత. జలియన్‌వాలాబాగ్‌లో 1919లో జరిగింది ఊచకోత. మెషిన్‌గన్లు పట్టుకున్న దొంగల్ని, కాళ్ళకు గాజుముక్కలు గుచ్చుకుని నెత్తురోడుతున్న మనిషి ఒక్కొక్కరిగా ఎదుర్కోవడం ఊచకోత ఎలా అవుతుంది? ఇక్కడ కోత కొచ్చిన పైరు హీరోయే! 'మట్టుపెట్టాడు' అంటే సరిపోయేది. మట్టు అంటే హద్దు, మట్టితో సంబంధం లేదు. మట్టుబెట్టు అని రాస్తే నేను దిద్దను గానీ, మట్టిపెట్టు అంటే దిద్దుతాను.

హీరో బయటపడ్డ తీరుకు "చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు" అనొచ్చా అని కూడా మీకు అనిపించవచ్చు. దెబ్బల వరకు సరిపోతుంది. కానీ ఆ సామెతలో చిన్న వెటకారం ఉంది. మూడు ఓట్ల తేడాతో గట్టెక్కిన నాయకుడికి బాగుంటుంది, మెక్లేన్‌కు కాదు.

ఆ వాక్యాన్ని నేను రాయాల్సి వస్తే ఇలా రాస్తాను: "పార్టీకి వచ్చి పద్మవ్యూహంలో ఇరుక్కున్న హీరో, బయటివాళ్ళు సైంధవుల్లా అడ్డుపడుతున్నా, ఒక్కడే దొంగల ముఠాను మట్టుపెట్టి బయటపడతాడు." మీ నాన్నగారికి చూపించండి. పార్టీ బదులు విందు అని ఎందుకు రాయలేదని ఆయన అడిగితే, మీ అబ్బాయి కూడా చదవాలి కదా అని చెప్పండి.