సమాధానం: దొరికిన పర్సు, ముగ్గురూ ‘నాదే’ అంటున్నారు

మీకు దొరికిన పర్సును ముగ్గురు తమదేనంటున్నారు, ఎవరికివ్వాలని అడిగారు. చిక్కంతా మీరు గ్రూపులో పెట్టిన పర్సు ఫొటోతోనే. రంగు, తెగిన జిప్పు కనిపించాక ముగ్గురేం, ముప్పైమంది వస్తారు.

యూదు ధర్మశాస్త్రం ప్రకారమే ఇవ్వాలంటున్నారు కాబట్టి:

1. ఫొటో తీసేయండి. “పర్సు దొరికింది” అని మాత్రం పెట్టండి. అందరూ తప్పేది ఇక్కడే: వస్తువు పేరు మీరు చెప్పాలి, గుర్తు మాత్రం పోగొట్టుకున్నవారే చెప్పాలి.

2. ఇప్పుడు ఫొటోలో పడనివే అడగండి. ఎన్ని నోట్లు, ఏ అరలో? “నల్ల పర్సండీ” అంటే కుదరదు.

3. ఒకరు గుర్తులు చెప్పి, ఇంకొకరు సాక్షులను తెస్తే సాక్షులున్నవారికే ఇవ్వాలి.

4. ఇద్దరి గుర్తులూ సరిసమానమా? ఎవరికీ ఇవ్వకుండా దాచి ఉంచండి.

పేరుమోసిన మోసగాడైతే గుర్తులు సరిగ్గా చెప్పినా ఇవ్వొద్దని మిష్నాలోనే (యూదు ధర్మశాస్త్రపు ప్రాచీన మూలగ్రంథం) ఉంది.

రోడ్డు మీద చెల్లాచెదురుగా పడిన చిల్లరైతే మీదే అయ్యేది. పర్సులో ఉన్న డబ్బుకు ఆ వెసులుబాటు లేదు.