ఆ మూడో స్పెల్ ఎక్కణ్ణుంచి వచ్చింది?

ప్రశ్న: మేం ఆరుగురం కాలేజీ ఫ్రెండ్స్. ప్రతి ఆదివారం మా ఇంటి మేడ మీద డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, పాచికలేస్తూ తలా ఒక పాత్రగా కథలో నడిచే ఆట. నేను డీఎంని (డంజియన్ మాస్టర్), అంటే కథ నడిపేది నేనే. మిగతా ఐదుగురూ మూడో లెవెల్‌లో ఉన్నారు. ఒకడు తన పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్ మర్చిపోయి వస్తాడు. ఇంకొకడిది వాళ్లమ్మ పాత పేపర్లతో పాటు తూకానికి వేసేసింది. పోయినవారం మా విజార్డ్ (మాంత్రికుడి పాత్ర వేసేవాడు) ఆటలోని ఒక్క రోజులో రెండో లెవెల్ స్పెల్స్, అంటే మంత్రాలు, మూడు వేశాడు. అలాంటి స్పెల్ వేసిన ప్రతిసారీ ఒక స్లాట్ ఖర్చవుతుంది. ‘ఉన్నవి రెండు స్లాట్లే కదరా’ అన్నాను. ‘నమ్మకం లేకపోతే షీట్లన్నీ నువ్వే దాచుకో’ అని లేచి వెళ్లిపోయాడు. నిజంగానే అన్నీ నేనే దాచుకోవాలా?
– ఒక డీఎం, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ అబ్బాయికి ఫోన్ చేయండి. అతను తప్పాట ఆడి ఉండకపోవచ్చు. మూడో లెవెల్ విజార్డ్‌కి మొదటి లెవెల్ స్లాట్లు 4, రెండో లెవెల్‌వి 2. అంతవరకు మీరు కరెక్టే. కానీ విజార్డ్‌కి ఆర్కేన్ రికవరీ అని ఒకటుంది. రోజుకోసారి, షార్ట్ రెస్ట్ (ఆటలో ఓ గంట విశ్రాంతి) అయ్యాక, ఖర్చయిన స్లాట్లు కొన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. లెక్క ఏంటంటే తన లెవెల్‌లో సగం, భిన్నం వస్తే పై అంకె. మూడుకి రెండు. అంటే రెండో లెవెల్ స్లాట్ ఒకటి గానీ, మొదటి లెవెల్‌వి రెండు గానీ. ఆ రోజు మీవాళ్లు దార్లో ఎక్కడైనా ఓ గంట ఆగి సేదతీరారా, గుర్తు చేసుకోండి. ఆగి ఉంటే సారీ చెప్పాల్సింది మీరే.

చెరిపి చెరిపి చిరుగు పట్టిన గడిలో పెన్సిల్ గీతలు రాసినవాడికే అర్థం కావు, ఎదురుగా కూర్చున్న మీకేం తెలుస్తాయి? అందుకే మా టేబుల్ మీద స్లాట్లని కాగితం మీంచి తీసేశాం. మొదటి లెవెల్‌కి చింతగింజలు, రెండో లెవెల్‌కి గవ్వలు. మా విజార్డ్ ఆటకి కూర్చోగానే నాలుగు గింజలు, రెండు గవ్వలు ముందు పేర్చుకుంటుంది. స్పెల్ వేస్తే ఒకటి మధ్యలో ఉన్న గిన్నెలో పడుతుంది. రికవరీ వాడితే గిన్నెలోంచి తీసుకుంటుంది, అందరం చూస్తాం. ఆ గవ్వలు మా అత్తగారి అష్టాచెమ్మా డబ్బాలోవి. ఆవిడకింకా చెప్పలేదు.

షీట్లన్నీ దాచుకునే పని నేనూ ఓసారి చేశాను. తర్వాత ఇల్లు మారాం. ఏ అట్టపెట్టెలో పెట్టానో మూడు వారాలు దొరకలేదు, మూడు వారాలూ ఆట లేదు. షీట్ ఆడేవాళ్లదే, దాని మీద రాసేదీ వాళ్లే. ఫైలు మాత్రం ఆట జరిగే చోటే, అంటే మీ ఇంట్లో ఉండనివ్వండి. లేచే ముందు ఎవరి షీట్ వాళ్లు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేయాలి. అప్పుడు ఫైలు పోయినా పది నిమిషాల్లో తిరిగి రాసుకోవచ్చు.

ఇంటి దగ్గర లెవెల్ పెంచుకుని రావడం మాత్రం ఒప్పుకోకండి. 2,700 అనుభవ పాయింట్లకి (ఎక్స్‌పీ) మీవాళ్లు నాలుగో లెవెల్‌కి వస్తారు. అప్పుడు ఎవరో ఒకరు కాన్‌స్టిట్యూషన్‌ని (పాత్ర ఒంటి గట్టితనం చెప్పే అంకె) 15 నుంచి 16 చేస్తారు. దాంతో మాడిఫయర్, అంటే ఆ అంకెని బట్టి లెక్కల్లో కలిపేది, +2 నుంచి +3 అవుతుంది. కొత్త లెవెల్‌కే కాదు, దాటొచ్చిన మూడు లెవెల్స్‌కీ ఒక్కో హిట్ పాయింట్ (పాత్ర ప్రాణబలం) కలపాలి. ఒంటరిగా కూర్చుని లెక్కేసేవాళ్లు సగం మంది ఇది వదిలేస్తారు. ఆట మొదలయ్యే ముందు అందరి ఎదుటా చేస్తే పక్కవాడు పట్టుకుంటాడు.

మీరు దాచుకోవాల్సింది ఒకే ఒక్క కార్డు. ఐదుగురి పేర్లు, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే అంకె), పాసివ్ పర్సెప్షన్ (పనిగట్టుకుని వెతక్కుండానే ఎంత గమనిస్తారో చెప్పే అంకె), అంతే. ఆఖరిది మరీ ముఖ్యం. పదికి విజ్‌డమ్ (వివేకం) మాడిఫయర్ కలిపి, పర్సెప్షన్‌లో ప్రొఫిషియెన్సీ (నైపుణ్యం) ఉంటే మూడో లెవెల్‌లో ఇంకో 2 వేస్తే వచ్చేది. ఆట మధ్యలో ‘నీ పాసివ్ పర్సెప్షన్ ఎంత?’ అని అడిగారంటే, తలుపు వెనక ఎవడో నక్కి ఉన్నాడని మైకులో చెప్పినట్టే. వెంటనే ఐదుగురూ కత్తులు దూస్తారు. కార్డు ఉంటే ఒక్క చూపు చాలు, మొహంలో ఏమీ తెలియనివ్వక్కర్లేదు.

అందరి ఉమ్మడి సామానుకి వేరే ఒక కాగితం, ఒక్కరి చేతి రాత. మా వాళ్లు బావిలో దిగబోయే ముందు తెలిసింది, 50 అడుగుల తాడు పక్కవాడి దగ్గరుందని ఇద్దరూ అనుకున్నారని.

యాప్‌లున్నాయి కదా అంటారా? ఉన్నాయి, లెక్కలు చక్కగా వేస్తాయి. కానీ కొత్తవాళ్లకి ఆ అంకె ఎలా వచ్చిందో తెలియదు. పైగా ఫోన్ చేతిలో ఉంటే మ్యాచ్ స్కోరు చూడని మనిషిని నేనింకా చూడలేదు.

ఇక మీ మేడ మీద గాలికి కాగితాలు నిలవవు. పరీక్షలకి పట్టుకెళ్లే క్లిప్పు అట్టలు తలా ఒకటి తెచ్చుకోమనండి. ఎవరింట్లో చూసినా అటక మీద రెండైనా ఉంటాయి.