పాత థార్‌కు డీజిల్ ఖర్చా, కొత్త థార్‌కు వడ్డీయా?

ప్రశ్న: నేను నర్సీపట్నంలో ఉంటున్న ప్రభుత్వ టీచర్ని. చింతపల్లి దగ్గర మా ఊళ్లో నాన్నగారి కాఫీ తోట ఉంది. శనివారం సాయంత్రం వెళ్లి ఆదివారం తిరిగొస్తాను. నా దగ్గరున్నది 2013 మహీంద్రా థార్ సీఆర్‌డీఈ (డీజిల్ ఇంజన్), ఫోర్ బై ఫోర్. ఏడాదికి 9,000 కిలోమీటర్లు తిరుగుతుంది. లీటరుకు 9 కిలోమీటర్లే వస్తోంది. 68,000 ఖర్చు పెడితే 13 వస్తుందని మెకానిక్ షెడ్డు వాళ్లు అంటున్నారు. కొత్త థార్ ఆన్‌రోడ్ 18 లక్షలు, పాతదానికి మూడున్నర లక్షలు ఇస్తారట. అమ్మాయి ఇంటర్ కోసం వేసిన ఎఫ్‌డీలోంచి రెండున్నర లక్షలు తీసి, మిగతా 12 లక్షలు 9.5 శాతం వడ్డీకి ఏడేళ్ల లోన్ తీసుకుందామనుకుంటున్నాను. జీతం చేతికి 62,000 వస్తుంది, ఇంటి లోన్ ఈఎంఐ 14,000. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, మైలేజీని కాసేపు పక్కన పెట్టి రూపాయల్లో చూద్దాం. 9,000 కిలోమీటర్లకు వెయ్యి లీటర్లు. లీటరు 97 రూపాయలు అనుకుంటే మీ ఏడాది డీజిల్ బిల్లు 97,000. ఇప్పుడు కొత్త బండి లోన్ చూడండి. నెలకు ఈఎంఐ సుమారు 19,600. మొదటి ఏడాదిలో అందులో వడ్డీ కిందే 1,08,000 పైన పోతుంది. అంటే కొత్త బండి చుక్క డీజిల్ తాగకుండా గాలితో నడిచినా, మొదటి ఏడాది మీకు నష్టమే. ఏడేళ్లకు మొత్తం వడ్డీ నాలుగున్నర లక్షలకు దగ్గరగా తేలుతుంది. ఇంటి లోన్‌తో కలిపితే ఈఎంఐలే 33,600 అవుతాయి, జీతంలో సగానికి పైనే. కొత్త థార్ మీద మనసు పడి కొంటానంటే అది వేరే సంగతి, నేను కాదనను. డీజిల్ ఆదా కోసం అని మాత్రం ఇంట్లో చెప్పకండి.

ఇక షెడ్డు వాళ్ల 68,000 సంగతి. మీరు పంపిన చీటీలో నాలుగు పద్దులున్నాయి: ఇంజన్లోకి డీజిల్ చిమ్మే కొత్త ఇంజెక్టర్లు నాలుగు 32,000, ఈసీయూ రీమ్యాప్ (ఇంజన్ను నడిపించే కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) 26,000, పెద్ద ఎయిర్ ఫిల్టర్ 5,500, డీజిల్ పైపుకు బిగించే అయస్కాంతం 4,500.

చివరిది ముందు కొట్టేయండి. ఇరవై ఏళ్ల కిందట ఒక ఎగ్జిబిషన్ స్టాల్లో 1,200 పెట్టి అలాంటిదే కొని మా నాన్నగారి కమాండర్ జీపుకు బిగించినవాణ్ణి నేను. నెల తర్వాత ఆయన డీజిల్ బిల్లులు నా ముందు పడేసి ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయారు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలా ఇంధనం ఆదా చేస్తామనే పరికరాలను వందకు పైగా పరిశీలించింది. మైలేజీని చెప్పుకోదగ్గంతగా పెంచింది ఒక్కటీ దొరకలేదు.

రీమ్యాప్ చేయిస్తే పికప్ పెరుగుతుంది, పెరిగిన పికప్‌ను వాడుకోకుండా ఉండటం ఎవరికైనా కష్టం. పైగా కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఈ మాట వస్తే 26,000 పెట్టి టెన్షన్ కొనుక్కున్నట్టే. ఫిల్టర్ మామూలు కంపెనీదే కొత్తది వేయించండి, చాలు.

ఇంజెక్టర్ల విషయంలో షెడ్డు వాళ్ల మాట పూర్తిగా కొట్టిపారేయలేను. పన్నెండేళ్లు దాటిన ఇలాంటి డీజిల్ ఇంజన్‌లో అవి అరగడం సహజమే. కానీ నాలుగూ ఒకేసారి పోవాలని లేదు. డీజిల్ పంపు షాపులో రిటర్న్ టెస్ట్ చేయమనండి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు, అంటే మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే గొట్టాలకు, నాలుగు చిన్న సీసాలు తగిలించి ఇంజన్ స్టార్ట్ చేస్తారు. మిగతావాటి కంటే ఏ సీసా బాగా ముందుగా నిండుతుందో ఆ ఇంజెక్టర్ మీద అనుమానం. పక్కన నిలబడి మీ కళ్లతో చూడండి. అప్పుడు 32,000 పనో, ఒక్క ఇంజెక్టర్ పనో తేలిపోతుంది. అదే చేత్తో టర్బో గొట్టాలు ఎక్కడైనా పగిలాయేమో చూపించండి. అక్కడ గాలి లీకైతే నల్లపొగ వస్తుంది, డీజిల్ దండగ.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన భాగం మీ అలవాట్లు దాచకుండా రాయడం. డబ్బు ఎక్కువగా పోతున్నది అక్కడే.

లంబసింగి ఘాట్ ఎక్కేటప్పుడు ఫోర్ హై, అంటే నాలుగు చక్రాలూ లాగే గేరు, వేస్తానన్నారు. పొడి తారు రోడ్డు మీద దాని అవసరం లేదు. మీ థార్‌లో ముందు వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వాటి మధ్య లేదు కాబట్టి ప్రతి మలుపులోనూ టైర్లు ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి. డీజిల్‌తో పాటు టైర్లూ గేర్లూ అరుగుతాయి. తోట దారిలో బురద తగిలాక వేయండి, తారు ఎక్కగానే తీసేయండి.

దిగేటప్పుడు న్యూట్రల్ వేసి ఆదా చేస్తున్నానన్నారు చూశారూ, అది ఇవాళే మానేయండి. గేర్లో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఈ ఇంజన్ డీజిల్ ఇంజెక్షన్‌ను ఆపేస్తుంది. చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే మాత్రం ఇంజన్ ఆగకుండా ఉండటానికి డీజిల్ పోస్తూనే ఉంటుంది. అంటే మీరు ఆదా అనుకున్నది ఖర్చు. పైగా బరువంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు వదిలితే ఆ మలుపుల్లో ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

బురద కోసం టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి దించి, నర్సీపట్నం వచ్చాకే మళ్లీ కొట్టిస్తున్నారు. గాలి తక్కువున్న టైర్లతో తారు మీద వెళ్తే డీజిల్ ఎక్కువ పోతుంది. 12 వోల్ట్‌ల చిన్న గాలి పంపు రెండు మూడు వేలకు వస్తుంది. మీ చీటీలో లేనిదీ, మీరు ముందుగా కొనాల్సిందీ అదే. తోట బయట తారు ఎక్కేముందు పది, పదిహేను నిమిషాలు ఆగి గాలి నింపుకోండి.

ఇంకో చిన్న లెక్క. మీరు 235/70 ఆర్16 తీసేసి 245/75 ఆర్16 టైర్లు వేయించారు. ఇవి ఐదు శాతం పెద్దవి. మీటరు 100 చూపిస్తే బండి దాదాపు 105 తిరిగినట్టు. కాబట్టి మీ 9 నిజానికి తొమ్మిదిన్నర. బిల్లు తగ్గదు గానీ, బండి మీద వేసిన నిందలో అర కిలోమీటరు మీటరుది. ఈ టైర్లు అరిగాక పాత సైజుకే రండి.

ఇవన్నీ చేసి మీటరు లెక్కలో 11 వచ్చిందనుకోండి, ఏడాదికి 17,600 మిగులుతుంది. ఘాట్ బండికి అంతకంటే ఆశపడటం నాకిష్టం లేదు. షెడ్డు వాళ్లు చెప్పిన 13 నిజంగా వచ్చినా ఆదా 29,800. అంటే 68,000 తిరిగి రావడానికి రెండేళ్ల మూడు నెలలు. 11 దగ్గరే ఆగిపోతే దాదాపు నాలుగేళ్లు.

కొలవడం ఇలా. ఒకే బంకులో, నాజిల్ దానంతటది ఆగేదాకా ఫుల్ ట్యాంక్ చేయించండి. 400 కిలోమీటర్ల తర్వాత అక్కడే మళ్లీ అలాగే పోయించి, పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా మూడుసార్లు. ఒక్కసారి లెక్క నమ్మొద్దు. ప్రయాణం ముగిశాక చక్రాల దగ్గర చేయి పెట్టి చూడండి, ముట్టుకోకండి. ఒకటి మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. మైదానంలో 45 నుంచి 55 మధ్య వేగంలో వెళ్లండి, ఇంధన పొదుపు గురించి చెప్పే ప్రభుత్వ సంస్థ పీసీఆర్‌ఏ ఎప్పటి నుంచో చెబుతున్న మాటే.

మరో భయం రాశారు, పదేళ్లు దాటిన డీజిల్ బండి తీసేయాలా అని. ఆ గొడవ ఢిల్లీ వాళ్లది. మీ ఆర్సీ 2028 దాకా ఉంది. ఫిట్‌నెస్ పాసైతే ఇంకో ఐదేళ్లకు రెన్యూ చేస్తారు, దాని ఫీజు 2022లో 5,000 చేశారు, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆదా అయ్యే డబ్బులోంచి నెలకు 1,400 చొప్పున ఆర్‌డీ వేయండి. రెన్యువల్‌కు అక్కరకొస్తుంది, మిగిలింది టైర్లకు. అమ్మాయి ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు.

ముందు ఉన్న ఇనుప బుల్ బార్ కూడా విప్పించేయండి. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది, బరువు కూడా తగ్గుతుంది. పాత ఇనుము కొట్లో అమ్మేటప్పుడు మాత్రం తూకం దగ్గర మీరే నిలబడండి.