పాథాలజీ వస్తుంటే వదులుకుని, ఏడాది డ్రాప్ తీసుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ అయిపోయింది. నీట్ పీజీలో తన ర్యాంకుకు రేడియాలజీ రాదు, ఎండీ పాథాలజీ వస్తుంది. ఇంకో ఏడాది చదివి మళ్లీ రాయమంటే వినడం లేదు. ఇంటర్న్‌షిప్‌లో ఏదో అరుదైన లివర్ ట్యూమర్ స్లైడ్ చూసిందట, అప్పటి నుంచి పాథాలజీయే అంటోంది. జీవితాంతం ల్యాబ్‌లో కూర్చోవడమేనా? ఏఐ వస్తే ఆ పని కూడా పోతుందంటున్నారు. రెండు బ్రాంచీలనూ పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, కొత్తపేట, హైదరాబాద్

జవాబు: కౌన్సెలింగ్ మొదలైతే చాలు, ఈ ఉత్తరం నాకు వస్తుంది. అందులో రాయని మాట కూడా ఒకటే: పెళ్లిళ్లలో చుట్టాలు 'అమ్మాయి ఏం డాక్టర్?' అంటే ఏం చెప్పాలి? పాథాలజీ అంటే రక్తం తీసే చోటు అనుకుంటారేమో అన్నదే మీ బెంగ.

ముందు ఆ స్లైడ్ సంగతి చూద్దాం. గడ్డ పేరు మీరు రాయలేదు కాబట్టి నాకు తెలిసిన ఒకటి చెబుతాను: ఫైబ్రోలామెల్లార్ కార్సినోమా అనే అరుదైన లివర్ క్యాన్సర్. లివర్ క్యాన్సర్ ఎక్కువగా సిరోసిస్‌తో పాడైన లివర్‌లో, పెద్ద వయసులో వస్తుంది. ఇది మాత్రం లివర్ బాగానే ఉన్న చిన్న వయసువాళ్లలో వస్తుంది. లివర్ క్యాన్సర్‌ను పట్టించే ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష కూడా చాలామందిలో నార్మలే. స్కాన్‌లో గడ్డ మధ్య ఒక మచ్చ కనిపిస్తుంది. చిక్కేమిటంటే, ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా అనే అపాయం లేని గడ్డలోనూ అలాంటి మచ్చే ఉంటుంది. దాన్ని సాధారణంగా ముట్టుకోనక్కర్లేదు. క్యాన్సర్ అయితే ఆపరేషన్ చేసి తీయాలి. అనుమానం మిగిలితే తేల్చేది బయాప్సీలో వచ్చిన దారం ముక్కంత లివర్ కణజాలాన్ని చూసే పాథాలజిస్టే. పెద్ద పెద్ద గులాబీ రంగు కణాలు, వాటి మధ్య పొరలు పొరలుగా పీచు. అంతటితో సంతకం పెట్టరు. కణాల్లోని ప్రోటీన్లకు రంగు పట్టించి చూసే ఐహెచ్‌సీ పరీక్ష చేయించి సీకే7, సీడీ68 అనే ప్రోటీన్లు రెండూ పాజిటివా అని చూస్తారు. అవసరమైతే డీఎన్‌ఏజేబీ1, పీఆర్‌కేఏసీఏ జన్యువులు అతుక్కున్నాయా అని పరీక్షిస్తారు. ఆ అతుకు సంగతి 2014లోగానీ బయటపడలేదు. మీరు 'ల్యాబ్‌లో కూర్చోవడం' అన్నది ఈ పనినే.

ఇక రేడియాలజీ. ఈ మోజు మీద నాకు అనుమానాలున్నాయి, దాచుకోను. ఏఐ భయంతో అటు వెళ్లమంటున్నారు కదా, 2016లో ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ ఇక శిక్షణ ఆపేయాలన్నది ఎవరికో తెలుసా? రేడియాలజిస్టులకు! ఆయన జోస్యం ఫలించలేదు, ఆ సీట్లకు పోటీ ఇంకా అలాగే ఉంది. కానీ మీ లెక్క ప్రకారమే చూస్తే, పెనం మీంచి పొయ్యిలో పడటమే కదా ఇది? సొంత సెంటర్ పెడదామంటే మెషీన్లకు అప్పు, పక్క వీధిలో ఇంకో సెంటర్. ఉద్యోగమైతే అర్ధరాత్రి దాకా స్కాన్ మీద స్కాన్ చదవాలి. ఇష్టమున్నవాళ్లకు అది కష్టం అనిపించదు. మీ అమ్మాయికి ఆ ఇష్టం లేదు. పైగా డ్రాప్ తీసుకుంటే ర్యాంకు మెరుగవుతుందని ఎవరు రాసిచ్చారు?

కోపం తెచ్చుకోకండి, ఒక మాట అంటాను. దొరికిన బ్రాంచిలో ఏడుస్తూ చేరే పిల్లలను రోజూ చూస్తుంటాను. ఇష్టపడి చేరతానంటున్న పిల్లకు మీరు అడ్డం పడుతున్నారు. చదవాల్సింది తను. చుట్టాలకు చెప్పుకోవడం మీ ఇబ్బంది, దాన్ని తన నెత్తిన పెట్టకండి.

పోలిక అడిగారు కాబట్టి: రెండూ మూడేళ్లే. మొదట్లో రేడియాలజీ జీతం ఎక్కువ, పాథాలజీలో రాత్రి డ్యూటీలు తక్కువ. అంతకు మించి పోల్చడానికి నాకు మనసొప్పడం లేదు. ఎండీ తర్వాత ఆంకోపాథాలజీ (క్యాన్సర్లు)లోనో, హెమటోపాథాలజీ (రక్త వ్యాధులు)లోనో డీఎం అనే సూపర్ స్పెషాలిటీ చేయొచ్చు. క్యాన్సర్ ఆసుపత్రులు, లివర్ మార్పిడి చేసే ఆసుపత్రులు ఉన్న ఊరు మనది, పని దొరకదన్న టెన్షన్ వద్దు.

మీకు నిజంగా సాయం చేయాలనుంటే, ఆప్షన్లు పెట్టే ముందు తనతో కలిసి కాలేజీలకు వెళ్లండి. ఐహెచ్‌సీ అక్కడే చేస్తారా, బయటకు పంపుతారా? సర్జరీ నుంచి లివర్ నమూనాలు వస్తాయా? పీజీలకు స్లైడ్ల ముందు కూర్చోబెట్టి నేర్పేవాళ్లున్నారా? లోపలికెళ్లి ప్రొఫెసర్లను అడగడం తను చూసుకుంటుంది. మీరు క్యాంటీన్‌లో టీ తాగుతూ రెండో ఏడాది పీజీలను పలకరించండి.