మాటలు లేని సంగీతానికి కవరు బొమ్మ

ప్రశ్న: నా మిత్రుడు సింథసైజర్, డ్రమ్ మెషిన్‌లతో ఏడు ట్రాకుల ఆల్బమ్ చేశాడు. అందులో గాత్రం లేదు. కవరు రూపొందించే పని నాకు అప్పగించాడు. నెల రోజులుగా ఇంటర్నెట్‌లో వందలాది ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌ల కవర్లు చూశాను. ఊదారంగు వెలుగులు, గీతల గడులు, రోబో ముఖాలు తప్ప మరేమీ తోచడం లేదు. స్ఫూర్తి కోసం ఎక్కడ చూడాలి?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సినిమా పాటల రికార్డు కవరుకు నాయికా నాయకుల ముఖాలు ఉంటాయి, గాయకుడి ఆల్బమ్‌కైతే ఆయన ముఖమో, ఒక పల్లవిలోని మాటో ఆధారమవుతుంది. ముఖమూ మాటా లేని సంగీతం దగ్గరకు వచ్చేసరికి కంటికి పట్టు దొరకదు, అందుకే చెయ్యి తెలియకుండానే ఇతరుల కవర్ల వైపు పోతుంది. కానీ పూర్తయిన కవరులో మనకు కనిపించేది ఆ కళాకారుడు చేరుకున్న చోటు మాత్రమే, ఆయన బయలుదేరిన చోటు కాదు. అందువల్ల కొన్నాళ్లు కవర్లు చూడడం పూర్తిగా మానేయండి.

బయలుదేరిన చోటు మనకు తెలిసిన కవర్లు కొన్ని ఉన్నాయి. ఇంగ్లండుకు చెందిన న్యూ ఆర్డర్ బృందం 1983లో ‘బ్లూ మండే’ పాటను రికార్డుగా విడుదల చేసింది. దాని కవరు రూపొందించిన పీటర్ సావిల్ ఆ బృందాన్ని కలవడానికి వెళ్లినప్పుడు, వారు తమ యంత్రాలతో వాడుతున్న ఒక ఫ్లాపీ డిస్కు (ఆనాటి కంప్యూటర్లలో సమాచారం దాచుకునే చదరపు పలక) ఆయన కంటపడింది. ఆ వస్తువు ఆయనను ఎంతగా ఆకట్టుకుందంటే, 12 అంగుళాల రికార్డు తొడుగునే రంధ్రాలు కోసి ఒక పెద్ద ఫ్లాపీలా తయారు చేయించి, బృందం పేరునూ పాట పేరునూ అక్షరాలలో కాక అంచు వెంబడి రంగు గడుల సంకేతలిపిలో రాశారు. అదే ఏడాది వచ్చిన వారి ‘పవర్, కరప్షన్ అండ్ లైస్’ ఆల్బమ్‌కు ఆయన తీసుకున్నది ఫ్రెంచి చిత్రకారుడు ఫాంతాఁ లాతూర్ 1890లో వేసిన గులాబీల బుట్ట. దాని మీద ఒక మూల అవే రంగు గడులు, వెనుక అట్ట మీద ఆ సంకేతాన్ని విప్పే చక్రం ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కవరు ఇదే. వాడిపోయే పువ్వునూ వాడిపోని యంత్రలిపినీ పక్కపక్కన పెట్టినప్పుడు, ఆ సంగీతంలోని చల్లదనమూ విషాదమూ రెండూ రికార్డు మోగకముందే మనకు అందుతాయి.

జర్మనీకి చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందం 1974లో తెచ్చిన ‘ఆటోబాన్’ (జర్మన్‌లో రహదారి అని అర్థం) ఆల్బమ్ మరొక రకం పాఠం. దాని మొదటి ట్రాకు 22 నిమిషాలకు పైగా సాగే కారు ప్రయాణం. ఎమిల్ షుల్ట్ దానికోసం కొండలు, సూర్యుడు, రహదారి, కార్లు ఉన్న బొమ్మ వేశారు. బ్రిటన్‌లో మాత్రం నీలం మీద తెల్లని రహదారి గుర్తు ఒక్కటే ఉన్న కవరు వచ్చింది. ఒకే ఊహకు ఇవి రెండు రూపాలు. మీకు రెండవదే ఎక్కువ అక్కరకు వస్తుంది. డిజిటల్ విడుదలకు సాధారణంగా 3000 పిక్సెళ్ల చతురస్రాన్ని అడుగుతారు గానీ, వినేవాళ్లలో ఎక్కువమంది దాన్ని ఫోనులో బొటనవేలి గోరంత పరిమాణంలోనే చూస్తారు. ఆ పరిమాణంలో నిలవని బొమ్మ ఎంత అందమైనదైనా ఈ పనికి సరిపోదు.

ఇక మీ సంగతి. మీ మిత్రుడు పనిచేసిన గదిలో ఒక సాయంత్రం కూర్చోండి. మొదట ఏ ధ్వని పుట్టిందో, ఏ ట్రాకును ఎన్నిసార్లు చెరిపి చేశారో, ఏ యంత్రం మీద చేశారో అడగండి. ఉదాహరణకు 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషిన్ మీద 16 మీటలు ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు రంగులలో నాలుగేసి చొప్పున వరుసగా ఉంటాయి. లయను వాయించడం కాకుండా ఆ మీటల మీద పేర్చుతారు. దాన్ని చూసినప్పుడల్లా నాకు నాలుగు వరుసల చుక్కల ముగ్గు గుర్తుకొస్తుంది, ఎందుకంటే రెండింటిలోనూ ముందు చుక్కలు పడతాయి, కదలిక ఆ తర్వాత వస్తుంది. అయితే తెలుగువారి ఆల్బమ్ కాబట్టి ముగ్గు ఉండాలని దాన్ని అతికించకండి. ఆ సంగీతంలో లయ నిజంగా చుక్కల చుట్టూ మెలికలు తిరిగే గీతలా నడుస్తూ ఉంటేనే ఆ ఊహను తీసుకోండి.

ధ్వని తన బొమ్మను తానే గీసుకునే పద్ధతి కూడా ఒకటుంది. జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ క్లాడ్ని 1787లో అచ్చువేసిన పుస్తకంలో, ఇసుక చల్లిన పలక అంచున వయొలిన్ కమానుతో లాగితే ఏర్పడే ఆకృతులను చూపించారు. కంపించే చోటు నుంచి ఇసుక తప్పుకొని, కదలని గీతల మీద పోగవుతుంది. మీరు ఒక వెడల్పాటి గిన్నె మూతికి పలుచని ప్లాస్టిక్ కాగితాన్ని బిగించి, సన్న ఉప్పు చల్లి, స్పీకరును ఆనుకునేంత దగ్గరగా పెట్టి, ఆల్బమ్‌లోని నిడివైన మంద్రస్వరాన్ని గట్టిగా వినిపించండి. డ్రమ్ దెబ్బలకు ఉప్పు చెదిరిపోతుంది గానీ, నిలకడైన స్వరానికి ఆకృతి కడుతుంది. పక్కనుంచి దీపం పెట్టి, నల్లని ప్లాస్టిక్ మీద ఫొటో తీస్తే, ఆ ఆల్బమ్‌కు తప్ప మరెవరికీ చెందని బొమ్మ మీ చేతిలో ఉంటుంది. అది కవరు కాకపోయినా కవరుకు దారి చూపిస్తుంది.

ప్రశ్న: సావిల్ చేసినట్టు పాత చిత్రాన్ని కవరుకు వాడుకోవచ్చా? అది దొంగతనం కాదా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మన దేశపు చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు చిత్రం మీద కాపీరైటు ఉంటుంది. 1906లో మరణించిన రవివర్మ చిత్రాలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. మ్యూజియం ఇచ్చే ఫొటోను వాడేటప్పుడు మాత్రం దాని షరతులు చదవండి. సజీవులైన కళాకారుల పనికి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. చట్టం ఒప్పుకున్న చోట కూడా పేరు చెప్పడం మన బాధ్యతే. క్రాఫ్ట్‌వెర్క్ 1978 నాటి ‘ద మ్యాన్-మెషిన్’ కవరును ఎరుపు, నలుపు, తెలుపులలో రూపొందించిన కార్ల్ క్లెఫిష్, రష్యన్ కళాకారుడు ఎల్ లిసిట్‌స్కీ నుంచి స్ఫూర్తి పొందినట్టు ఆ కవరు మీదనే అచ్చయింది.