సమాధానం: ఏడో తరగతి పాప నీళ్ల ప్రాజెక్టు గురించి

అక్కా, క్లాసు గ్రూపులో గుడ్ మార్నింగ్‌ల మధ్య సైన్స్ ప్రాజెక్టు మెసేజ్ కనిపించలేదనీ, 'మన జిల్లా నీళ్లు' అనే అంశం మీద ఇంకా రెండు రోజులే ఉందనీ రాశారు కదా. టెన్షన్ వద్దు. మనం నల్గొండ వాళ్లం, అంశం ఇంట్లోనే ఉంది.

మన భూగర్భ జలాల్లో ఎక్కువగా ఉండి, పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్‌ను నీళ్ల నుంచి తీసే పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు: నల్గొండ టెక్నిక్. నాగ్‌పూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ దాన్ని రూపొందించింది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరనిచ్చి, వడగడతారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. చార్టు మీద ఈ లెక్క పెద్దగా రాయించండి.

చూపించడానికి రెండు గాజు సీసాల్లో చెరువు నీళ్లు పోయండి. ఒకదాంట్లో చిటికెడు పటిక పొడి వేసి, మొదట గబగబా, తర్వాత మెల్లగా కలపమనండి. కాసేపటికి మట్టి దూది పింజల్లా ముద్దకట్టి అడుక్కి దిగుతుంది. మా వాడు ఆ సీసా ముందు నుంచి కదల్లేదు, అన్నం కూడా అక్కడే! ఇందులో కనిపించేది మట్టి పేరుకోవడమే, ఫ్లోరైడ్ కంటికి కనపడదు. ఆ మాట పాప టీచర్‌కు తనే చెప్పాలి. ఆ నీళ్లు మాత్రం తాగొద్దు.

గ్రూపు సంగతికొస్తే, టీచర్ మెసేజ్‌ను నొక్కిపట్టి స్టార్ పెట్టుకోండి. రాత్రి పాపతోనే డైరీలో రాయించండి.