పట్టా భూమే కావచ్చు, మురుగు మాత్రం గెడ్డలోకి వదలకూడదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలో ఒక పల్లె. మా చెరువుకి ఎగువన, ఊరి నుయ్యి పక్కనే, ఏడెకరాల్లో లేఅవుట్ వేస్తున్నారు. చెరువులోకి వచ్చే గెడ్డలోకే మురుగు కాలువ కలుపుతారట. సగం ఊరు ఆ నూతి నీళ్లే తాగుతుంది. అడిగితే 'పట్టా భూమి, మా ఇష్టం' అంటున్నారు. నేను వార్డు మెంబర్ని. కోర్టుకెళ్తే ఆగుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, పట్టా ఎవరిదన్న గొడవలోకి మీరు దిగకండి. దిగితే సివిల్ కోర్టులో ఏళ్లు గడుస్తాయి, ఈలోగా ఇళ్లు లేచిపోతాయి. భూమి వాళ్లదే అనుకుందాం. అయినా చెరువుకి ఎంత దూరం వదలాలి, మురుగు ఎటు పంపాలి అన్నవి వాళ్ల ఇష్టానికి వదిలేసిన సంగతులు కావు.

2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, చెరువు పది హెక్టార్లు (సుమారు పాతికెకరాలు) లేదా అంతకు మించి ఉంటే, దాని పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. చిన్న చెరువైతే 9 మీటర్లు. ఈ కొలతలోనే కిటుకంతా ఉంది. వేసవిలో చెరువు ఎండినప్పుడు తడి ఉన్న చోట టేపు పెట్టి 'ముప్ఫై వదిలాం, చూసుకోండి' అంటారు. కొలవాల్సింది అక్కణ్ణుంచి కాదు. చెరువు నిండి అలుగు పారబోయే ముందు నీరు ఎక్కడిదాకా నిలుస్తుందో అక్కణ్ణుంచి. ఆ గీత మీ ఊరి ముసలి రైతులకి సర్వేయర్ కంటే బాగా తెలుసు. అయినా కాగితం కావాలి కాబట్టి, జలవనరుల శాఖ ఇంజినీరు, మండల సర్వేయర్ కలిసి హద్దు రాళ్లు వేయాలని పంచాయతీలో తీర్మానం పెట్టించండి. మెంబరుగా అది మీ చేతిలో పని.

లేఅవుట్ ఫైలు నకలు కోసం శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థకి (సుడా), పంచాయతీకి సమాచార హక్కు దరఖాస్తులు పెట్టండి. గడువు 30 రోజులు. ముఖ్యంగా మురుగు కాలువ ప్లాను, జలవనరుల శాఖ ఇచ్చిన నిరభ్యంతర పత్రం అడగండి. అసలు అలాంటి పత్రమే లేకపోతే మీ అభ్యంతరానికి అంతకంటే బలం వేరే అక్కర్లేదు. జవాబు వచ్చేదాకా ఆగకుండా సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరుకి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. తుది అనుమతి రాకముందు ప్లానులో గీత మార్పించడం తేలిక. వచ్చాక ప్లాట్లు కొన్నవాళ్లంతా మీకు ఎదురు నిలబడతారు. పాపం, వాళ్ల తప్పూ ఉండదు.

నుయ్యి సంగతి. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే గుంత తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. నుయ్యి పక్కనున్న వరుసలో ఆ దూరం కుదరని ప్లాట్లు ఏవో ప్లానులో గుర్తుపెట్టి అర్జీకి జత చేయండి.

మురుగుని గెడ్డలోకో బావిలోకో వదలడాన్ని 1974 నాటి జల కాలుష్య చట్టం 24వ సెక్షను నిషేధిస్తుంది. కాబట్టి కాలుష్య నియంత్రణ మండలికీ ఒక ఫిర్యాదు పంపండి. పర్యావరణ అనుమతి లేదని మాత్రం వాదించకండి. ఏడెకరాల ప్లాట్ల లేఅవుట్‌కి మామూలుగా అది అవసరం ఉండదు. ఆ ఒక్క మాటతో మీ అర్జీ మొత్తం బలహీనపడిపోతుంది.

మురుగు నిజంగానే వదిలితే, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత) 152వ సెక్షను కింద ఆర్డీవో దగ్గరికి వెళ్లొచ్చు. పబ్లిక్ న్యూసెన్స్ తొలగించమని ఆయన ఆదేశించగలరు. నా అనుభవంలో పల్లెలకి ఇదే దగ్గరి దారి. అక్కడా కదలకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచి ఉంది. నష్టపరిహారం అడగని దరఖాస్తుకి ఫీజు వెయ్యి రూపాయలే. సమస్య మొదలైన ఆరు నెలల్లో వేయాలి. కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు. ఇక మీరడిగిన మాట: కోర్టు లేఅవుట్‌నే ఆపేస్తుందని నేను చెప్పను. కాలువ దారి మార్పించడం, హద్దులో పడ్డ ప్లాట్లు తీయించడం మాత్రం సాధ్యమే.

అన్నిటికంటే ముందు ఈ వారమే ఒక పని చేయండి. నూతి నీళ్లు, చెరువు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. తాగునీటిలో నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు, ఈ.కొలి (మలం కలిసిన నీళ్లలో కనిపించే బ్యాక్టీరియా) అసలే ఉండకూడదు. ఒక్క ఇల్లు కూడా కట్టకముందు వచ్చిన రిపోర్టు మీ దగ్గరుంటే, రేపు నీళ్లు పాడైనప్పుడు 'ఎప్పటినుంచో ఇలాగే ఉన్నాయి' అనే వీలు వాళ్లకి ఉండదు.